నిరుటి కార్డు, ఇవాళ్టి ఆట: 1969 మెట్స్ సీజన్

1969 అక్టోబరు 16. న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బాల్టిమోర్ ఓరియోల్స్‌ను 5-3 తేడాతో ఓడించి, న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య జరిగే ఫైనల్) గెలిచింది. ఆ సిరీస్‌లో 3 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టిన డాన్ క్లెండెనన్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ రాత్రి న్యూయార్క్‌లో ఏ పిల్లవాడైనా తన అట్టపెట్టెలోని బేస్‌బాల్ కార్డులన్నీ నేల మీద పోసి క్లెండెనన్ కోసం వెతికి ఉంటే, దొరికిన కార్డు మీద మెట్స్ అన్న మాటే కనిపించి ఉండదు. టాప్స్ కంపెనీ ఆ ఏడాది వేసిన సెట్‌లో అది 208వ నంబరు కార్డు. కొన్ని కాపీల మీద జట్టు పేరు హ్యూస్టన్ అని, మరికొన్నిటి మీద ఎక్స్‌పోస్ అని ఉంటుంది. క్లెండెనన్ హ్యూస్టన్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ప్రెస్సులో ఎవరో నిద్రపోతే జరిగిన పొరపాటని అనుకోవచ్చు. అసలు సంగతి వేరే. కార్డు ఒక గడియారం ప్రకారం నడుస్తుంది, ఆట ఇంకో గడియారం ప్రకారం నడుస్తుంది. కార్డు వెనక ఉన్న అంకెలు నిరుటివి. మైదానంలో జరిగేది ఇవాళ్టిది. ఆ కార్డుకు పలికే ధర మాత్రం ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత జరగబోయే సంగతులను బట్టి తేలుతుంది. బేస్‌బాల్ కార్డుల గురించి కొత్తగా తెలుసుకునేవాళ్లు ఈ మూడు కాలాలనూ కలగలిపేసుకుని తికమక పడతారు. వాటిని విడదీసి చూపించడానికి 1969 మెట్స్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

మన దగ్గర ట్రంప్ కార్డులు ఆడినవాళ్లకు ఈ తేడా కొంత అనుభవమే. నిన్న రాత్రి టీవీలో సచిన్ ఇంకో సెంచరీ కొట్టాడు. తెల్లారి బడి దగ్గర మన చేతిలో ఉన్న కార్డు మీద మాత్రం పాత సెంచరీల లెక్కే. ఆటలో ఆ పాత అంకె చెప్పే పందెం కాయాలి. "ఇప్పుడు ఒకటి ఎక్కువైంది కదరా" అంటే ఎవడూ ఒప్పుకునేవాడు కాదు.

అయిదు సెంట్ల పొట్లం

ముందు కార్డుల సంగతి. 1969లో టాప్స్ పొట్లం ధర 5 సెంట్లు. అందులో అయిదు కార్డులు, ఒక బబుల్ గమ్ ముక్క ఉండేవి. ముందువైపు ఆటగాడి ఫొటో, పేరు, జట్టు. వెనకవైపు నిరుటి సీజన్ వరకూ అతని లెక్కలు. సెట్ మొత్తం 664 కార్డులు. ఏ పొట్లంలో ఎవరు వస్తారో తెలియదు. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు. డూప్లికేట్లు పట్టుకుని స్నేహితుల దగ్గర బేరాలాడటం, లేనివాళ్ల కోసం ఇంకో అయిదు సెంట్లు అమ్మను అడగటం ఈ సరదాలో సగం.

ఈ 664 కార్డులూ ఒకేసారి అంగడికి వచ్చేవి కావు. సీజన్ పొడుగునా విడతలు విడతలుగా వచ్చేవి. వసంతంలో మొదటి విడత, ఆ తర్వాత కొన్ని వారాలకొకటి చొప్పున ఆ ఏడాది మొత్తం ఏడు విడతలు. చివరి విడతలు దుకాణానికి చేరేసరికి ఎండాకాలం అయిపోవస్తుంది, పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదకు మళ్లుతుంది. దుకాణదారు సరుకు తక్కువ తెప్పిస్తాడు. అందుకే ఆ కాలపు సెట్లలో పెద్ద నంబర్ల కార్డులు తక్కువగా దొరుకుతాయి. మెట్స్ పిచర్ (బంతి వేసేవాడు) టామ్ సీవర్ తొలి కార్డు 1967 సెట్‌లో 581వ నంబరు, అంటే చివరి విడతలోది. ఆ కార్డు ధర ఆకాశంలో ఉండటానికి సీవర్ గొప్పదనం ఒక కారణమైతే, ఆ విడతను కొన్నవాళ్లు తక్కువ కావడం ఇంకో కారణం. మంచి కార్డు, అరుదైన కార్డు అన్నవి రెండు వేరు వేరు సంగతులు. సీవర్ విషయంలో రెండూ కలిసొచ్చాయి.

విడతల పద్ధతికి ఇంకో ఫలితం కూడా ఉంది. ఎండాకాలంలో వచ్చిన కార్డును కూడా చాలా ముందే తయారుచేసి పెట్టుకోవాలి. యాంకీస్ మహా ఆటగాడు మికీ మాంటిల్ 1969 మార్చి 1న రిటైర్మెంట్ ప్రకటించాడు. అయినా ఆ ఏడాది సెట్‌లో 500వ నంబరు కార్డు అతనిదే. సీజన్ సగంలో, మాంటిల్ మైదానంలో లేని వేళ, పిల్లల పొట్లాల్లో మాంటిల్ వచ్చాడు.

ఆ ఏడాది కార్డుల్లో చాలా ఫొటోలు పాతవి. కొందరు ఆటగాళ్ల తల మీద టోపీ కూడా ఉండదు. దీని వెనక డబ్బు తగాదా ఉంది. అంతకుముందు టాప్స్ ఒక్కో ఆటగాడికి ఏడాదికి 125 డాలర్లు ఇచ్చేది. ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్, ఆ కంపెనీ ఫొటోగ్రాఫర్లకు పోజులు ఇవ్వొద్దని ఆటగాళ్లకు చెప్పాడు. చివరికి కంపెనీ దిగొచ్చి 250 డాలర్లకు, ఆపైన అమ్మకాల్లో వాటాకు ఒప్పుకుంది. ఆ బహిష్కరణ నడిచిన రోజుల్లో కొత్త ఫొటోలు లేక పాత వాటితో సరిపెట్టారు. జట్టు మారిన వాడికి పాత టోపీ ఉన్న ఫొటో వేస్తే తప్పు కనబడుతుంది, టోపీ లేని ఫొటో అయితే ఏ జట్టుకైనా సరిపోతుంది. ఇప్పుడు ఆ టోపీ లేని ముఖాలు చూస్తే నాకు అందులో ఒక సమ్మె కనిపిస్తుంది. ఆటగాళ్లు తమ ముఖానికి తాము ధర కట్టుకోవడం అక్కడే మొదలైంది.

కార్డు వెనక ఏమని రాసి ఉంది

1969 వసంతంలో మెట్స్ కార్డులు చేతికొచ్చిన పిల్లవాడి స్థితి ఆలోచించండి. ఆ జట్టు పుట్టిందే 1962లో. బ్రూక్లిన్ డాడ్జర్స్, న్యూయార్క్ జెయింట్స్ రెండూ 1957 సీజన్ తర్వాత కాలిఫోర్నియాకు తరలిపోతే, ఆ లోటు తీర్చడానికి వచ్చిన జట్టు అది. డాడ్జర్స్ నీలం, జెయింట్స్ నారింజ కలిపి తన రంగులు చేసుకుంది. మొదటి ఏడాది 40 మ్యాచ్‌లు గెలిచి 120 ఓడింది. పది జట్ల లీగ్‌లో ఏడేళ్లలో అయిదుసార్లు పదో స్థానం, రెండుసార్లు తొమ్మిదో స్థానం. 1968లో 73 గెలుపులు, 89 ఓటములు.

కార్డులు తిప్పి చూస్తే లెక్కలూ అలాగే ఉన్నాయి. సెంటర్ ఫీల్డర్ టామీ ఏజీని తీసుకోండి. 1966లో వైట్ సాక్స్ తరఫున అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికైనవాడు. మెట్స్‌కు వచ్చాక 1968 ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో తనకు వేసిన మొట్టమొదటి బంతే తలకు తగిలింది. వేసినవాడు సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్. ఆ ఏడాది ఏజీ సగటు .217, హోమ్ రన్లు 5. ఈ సగటును మన క్రికెట్ సగటులా చదవకూడదు. వెయ్యిసార్లు బ్యాటింగ్‌కు వస్తే 217 సార్లు హిట్ కొట్టాడని, అంటే బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరాడని అర్థం. 300 దాటితే మంచి బ్యాటర్ అంటారు. 217 అంటే జట్టులో చోటు నిలవడమే కష్టం. 1969లో ఏజీ 26 హోమ్ రన్లు కొట్టాడు. ఆ వసంతంలో అతని కార్డును డూప్లికేట్ కింద తీసిపారేసిన పిల్లవాడిని తప్పుపట్టలేం.

సీవర్ కార్డు కథ దీనికి భిన్నం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. 1969 సెట్‌లో అతనిది 480వ నంబరు. వెనక ఉన్న 1968 లెక్క ఇది: 16 గెలుపులు, 12 ఓటములు, ఈఆర్ఏ 2.20. ఈఆర్ఏ అంటే పిచర్ తన తప్పు వల్ల తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, సగటున ఇచ్చిన పరుగులు. ఫీల్డర్ చేజార్చిన బంతుల వల్ల వచ్చినవి ఇందులోకి రావు. తక్కువ ఉంటే గొప్ప. 1969లో సీవర్ 25 గెలిచి 7 ఓడాడు. అతని ఈఆర్ఏ 2.21.

ఒక్కసారి చూస్తే సీవర్‌లో మార్పే లేదనిపిస్తుంది. 2.20, 2.21 దాదాపు ఒకటే. గెలుపులు మాత్రం 16 నుంచి 25కు ఎగబాకాయి. పిచర్ పేరున రాసే గెలుపు నిజానికి జట్టు మొత్తానిది, అతను ఆపితే సరిపోదు, తోటివాళ్లు పరుగులు చేయాలి. 1968లో చేయలేదు, 1969లో చేశారు. ఇంతవరకూ సరే. ఇంకో లోతు కూడా ఉంది. 1968 పిచర్ల సంవత్సరం. గిబ్సన్ ఈఆర్ఏ 1.12. అమెరికన్ లీగ్ మొత్తంలో అత్యధిక బ్యాటింగ్ సగటు .301 మాత్రమే. ఆట చప్పబడుతోందని భయపడి, 1969కి పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు, బంతిని స్ట్రైక్‌గా (మూడైతే బ్యాటర్ ఔట్) లెక్కించే పరిధిని కుదించారు. పిచర్లందరికీ కాళ్ల కింద నేల అయిదు అంగుళాలు దిగిపోయింది. అలాంటి ఏడాది 2.21 ఇవ్వడమంటే, అంతకుముందు ఏడాది 2.20 కంటే ఎంతో గొప్ప. కార్డు మీద ఆ దిబ్బ ఎత్తు రాసి ఉండదు. రెండేళ్ల కార్డులు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. క్రికెట్‌లో పవర్‌ప్లే నిబంధనలు మారిన ముందూ వెనకా బౌలర్ల ఎకానమీని పోల్చినట్టే అవుతుంది.

పది మ్యాచ్‌లు వెనక

ఇక ఆట. ఏప్రిల్ 8న మొదటి మ్యాచ్. ప్రత్యర్థి మాంట్రియల్ ఎక్స్‌పోస్, ఆ ఏడాదే పుట్టిన జట్టు, వాళ్లకది చరిత్రలో తొలి మ్యాచ్. మెట్స్ సొంత మైదానంలో 11-10తో ఓడిపోయింది. పుట్టినప్పటి నుంచి సీజన్ తొలి మ్యాచ్ గెలవని జట్టు అలవాటు తప్పలేదు.

సీజన్ అంటే 162 మ్యాచ్‌లు. ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటి వారం దాకా దాదాపు రోజూ ఆట ఉంటుంది. ఐపీఎల్‌లో పద్నాలుగు లీగ్ మ్యాచ్‌లకు అలవాటుపడ్డ మనకు ఈ పొడవు మింగుడుపడదు. ఒక్క ఓటమికి ఇక్కడ టెన్షన్ పడరు. నూరు మ్యాచ్‌లు గెలిచిన గొప్ప జట్టు కూడా అరవై రెండు ఓడుతుంది. పొద్దున్నే పేపర్ తీసి బాక్స్ స్కోర్ చూసుకోవడం, పట్టికలో జట్టు ఎక్కడుందో చూసుకోవడం, మధ్యాహ్నం రేడియో పెట్టుకోవడం, ఇదీ అప్పటి అభిమాని దినచర్య. బాక్స్ స్కోర్‌కు రూపం దిద్దినవాడిగా పేరున్న హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కు వచ్చినవాడు. మనం ఈనాడు ఆటల పేజీలో చూసే క్రికెట్ స్కోర్ కార్డుకు అది దగ్గరి చుట్టం.

పట్టికలో "ఎన్ని మ్యాచ్‌లు వెనక" అనే గడి కొత్తవాళ్లను తికమక పెడుతుంది. లెక్క తేలికే. ముందున్న జట్టు గెలుపుల్లోంచి మన గెలుపులు తీసేయాలి, మన ఓటముల్లోంచి వాళ్ల ఓటములు తీసేయాలి, రెండూ కలిపి సగం చేయాలి. 1969 చివర్లో మెట్స్ 100-62, చికాగో కబ్స్ 92-70. గెలుపుల్లో తేడా 8, ఓటముల్లో తేడా 8, మొత్తం 16, అందులో సగం 8. అంటే కబ్స్ 8 మ్యాచ్‌లు వెనక. సగం ఎందుకంటే, రెండు జట్లూ ముఖాముఖి తలపడి వెనకున్నవాడు గెలిస్తే వాడికి ఒక గెలుపు, వీడికి ఒక ఓటమి, రెండు అంకెలు ఒకేసారి కదులుతాయి. అది ఒక మ్యాచ్ తేడా. ఆ ఏడాదే లీగ్‌ను తూర్పు, పడమర విభాగాలుగా విడగొట్టారు. కబ్స్‌ను దాటితే చాలు, విభాగం మెట్స్‌ది.

మే 21న మెట్స్ 18-18కి చేరింది. ఆ జట్టుకు అదే గొప్ప అనుకుని విలేకరులు సంబరాలు చూద్దామని డ్రెస్సింగ్ రూముకు వెళ్తే, సీవర్ అందులో సంబరపడాల్సింది ఏముందన్నట్టు మాట్లాడాడు. వెంటనే వరసగా అయిదు ఓడి 18-23 అయింది. ఆ తర్వాత వరసగా పదకొండు గెలిచారు.

ఆ ఊపులో ఉండగానే, జూన్ 15న, క్లెండెనన్ వచ్చాడు. అతను ఎలా వచ్చాడో చెబితే ఆ 208వ కార్డు ముడి విడిపోతుంది. 1968 అక్టోబరులో కొత్త జట్టు ఎక్స్‌పోస్ అతన్ని పిట్స్‌బర్గ్ నుంచి తీసుకుంది. జనవరిలో హ్యూస్టన్‌కు ఇచ్చి బదులుగా రస్టీ స్టాబ్‌ను తెచ్చుకుంది. హ్యూస్టన్ మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) హ్యారీ వాకర్ పిట్స్‌బర్గ్‌లో క్లెండెనన్‌కు పాత మేనేజరే, ఆయన కింద మళ్లీ ఆడటం ఇతనికి ఇష్టం లేదు. ఆట మానేస్తున్నానని ప్రకటించేశాడు. బేరం రద్దు చేయమని హ్యూస్టన్ పట్టుబట్టింది. కొత్తగా పదవిలోకి వచ్చిన బేస్‌బాల్ కమిషనర్ బౌయీ కూన్ జోక్యం చేసుకుని, స్టాబ్ మాంట్రియల్‌లోనే ఉంటాడని, హ్యూస్టన్‌కు వేరే ఆటగాళ్లను, డబ్బును ఇవ్వాలని తేల్చాడు. క్లెండెనన్ ఎక్స్‌పోస్‌కు తిరిగొచ్చి ఆడాడు. రెండు నెలలకు మెట్స్‌కు వెళ్లాడు. టాప్స్ వాళ్లు ఒకసారి హ్యూస్టన్ అని వేశారు, తర్వాత ఎక్స్‌పోస్ అని దిద్దారు. మెట్స్ అని దిద్దేలోపు ఆ విడత దాటిపోయింది. ఒక నల్లజాతి ఆటగాడు, తనను అడగకుండా అమ్మేసే కాలంలో, నేను వెళ్లను అన్నాడు. ఆ మాట తాలూకు ఆనవాలు అయిదు సెంట్ల కార్డు మీద మిగిలిపోయింది.

జూలై 9న షే స్టేడియంలో కబ్స్‌పై సీవర్ వరసగా 25 మందిని ఔట్ చేశాడు. ఇంకో ఇద్దరిని చేస్తే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఒక్కరినీ బేస్ మీదకు రానివ్వని మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జిమ్మీ క్వాల్స్ అనే కొత్త కుర్రాడు హిట్ కొట్టాడు. క్వాల్స్ మేజర్ లీగ్ జీవితం మొత్తంలో కొట్టినవి 31 హిట్లు. మెట్స్ 4-0తో గెలిచింది.

జూలై 30న హ్యూస్టన్‌తో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. మొదటిది 16-3, రెండోది 11-5, రెండూ ఓటమే. రెండో మ్యాచ్ మధ్యలో మేనేజర్ గిల్ హాడ్జస్ డగౌట్ నుంచి లేచి, పిచర్ దగ్గర ఆగకుండా, తాపీగా లెఫ్ట్ ఫీల్డ్ దాకా నడిచి వెళ్లాడు. జట్టులో బాగా కొడుతున్న బ్యాటర్ క్లియాన్ జోన్స్ ఒక బంతి వెనక ఒళ్లు దాచుకుని పరిగెత్తాడని ఆయనకు అనిపించింది. వేలమంది చూస్తుండగా జోన్స్‌ను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అరవలేదు. ఆ సీజన్‌ను ఆ నడకతో గుర్తుపెట్టుకునేవాళ్లు చాలామంది. జోన్స్ ఆ ఏడాది .340 సగటుతో ముగించాడు.

ఆగస్టు 13 నాటికి మెట్స్ 62-51, కబ్స్ కంటే పది మ్యాచ్‌లు వెనక. మిగిలినవి 49. అందులో 38 గెలిచారు. నిరుటి లెక్కలు తెలిసిన ఎవరూ దీన్ని ఊహించి ఉండరు. సెప్టెంబరు 9న కబ్స్‌తో మ్యాచ్‌లో ఒక నల్లపిల్లి మైదానంలోకి వచ్చి, బ్యాటింగ్ కోసం ఎదురుచూస్తున్న రాన్ శాంటో దగ్గర తిరిగి, కబ్స్ డగౌట్ ముందు నుంచి వెళ్లింది. మరుసటి రోజు ఎక్స్‌పోస్‌ను రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించి మెట్స్ తన చరిత్రలో మొదటిసారి అగ్రస్థానానికి చేరింది. 12న పిట్స్‌బర్గ్‌లో రెండు మ్యాచ్‌లూ 1-0. ఆ ఒక్కొక్క పరుగునూ తెచ్చిపెట్టింది పిచర్లే: ఒక దాంట్లో జెర్రీ కూస్మన్, ఇంకో దాంట్లో డాన్ కార్డ్‌వెల్. మన పదకొండో నంబర్ బ్యాటర్ ఫోర్ కొట్టి గెలిపించినట్టు, అదీ ఒకే రోజు రెండుసార్లు.

15న సెయింట్ లూయిస్‌లో స్టీవ్ కార్ల్టన్ 19 మంది మెట్స్ బ్యాటర్లను స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో అప్పటికి అది రికార్డు. అయినా మెట్స్ 4-3తో గెలిచింది. నాలుగు పరుగులూ రాన్ స్వొబోడా కొట్టిన రెండు హోమ్ రన్ల వల్లే వచ్చాయి. సీజన్ మొత్తంలో స్వొబోడా కొట్టినవి 9. వాటిలో 2 ఆ రాత్రివే. మరుసటి ఏడాది కార్డు వెనక 9 అని పడుతుంది, అందులో ఆ రాత్రి బరువు ఎంతో పడదు.

సెప్టెంబరు 24న విభాగం గెలిచారు. లీగ్ ఫైనల్లో అట్లాంటా బ్రేవ్స్‌ను మూడు మ్యాచ్‌ల్లో ముగించారు. వరల్డ్ సిరీస్‌లో ఎదురైన బాల్టిమోర్ 109 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. మొదటి మ్యాచ్ 4-1తో మెట్స్ ఓడింది, తర్వాత నాలుగూ గెలిచింది. మూడో మ్యాచ్‌లో ఏజీ మొదటి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి, ఆ తర్వాత రెండు అసాధ్యమైన క్యాచ్‌లు పట్టాడు. కార్డు మీద .217 ఉన్న ఏజీయే. అయిదో మ్యాచ్‌లో బంతి జోన్స్ బూటుకు తగిలిందా లేదా అన్న వివాదం వస్తే, హాడ్జస్ బంతి మీదున్న బూట్ పాలిష్ మచ్చను అంపైర్‌కు చూపించాడు. జోన్స్‌కు ఫస్ట్ బేస్ ఇచ్చారు, వెంటనే క్లెండెనన్ హోమ్ రన్ కొట్టాడు. సీజన్ అంతా కలిపి 2 హోమ్ రన్లు కొట్టిన ఆల్ వైస్ ఇంకొకటి కొట్టి స్కోర్ సమం చేశాడు.

ధర ఎవరి వల్ల వస్తుంది

ఇప్పుడు మూడో కాలం. 1968 టాప్స్ సెట్‌లో 177వ కార్డు మీద ఇద్దరు మెట్స్ కొత్త పిచర్లు పక్కపక్కనే ఉంటారు: జెర్రీ కూస్మన్, నోలన్ రయన్. చెక్కుచెదరని కాపీలు లక్షల డాలర్లు పలికాయి. ఆ డబ్బంతా రయన్ పేరు మీదే. 27 సీజన్లు ఆడి 5,714 స్ట్రైకౌట్లు చేసినవాడు, ఇప్పటికీ ఆ రికార్డు ఎవరికీ అందలేదు.

కానీ 1969లో కూస్మన్ 17 గెలిచాడు, రయన్ 6. వరల్డ్ సిరీస్‌లో రెండో మ్యాచ్ కూస్మన్ గెలిపించాడు, చివరి మ్యాచ్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ తానే వేసి కప్పు తెచ్చాడు. రయన్ మూడో మ్యాచ్ చివర్లో రెండు ఇన్నింగ్స్‌కు కాస్త ఎక్కువ వేశాడు, తన జీవితం మొత్తంలో వరల్డ్ సిరీస్‌లో ఆడింది అంతే. 1971 డిసెంబరులో మెట్స్ అతన్ని కాలిఫోర్నియా ఏంజెల్స్‌కు ఇచ్చేసింది. ఆ పేరు ప్రఖ్యాతులన్నీ వేరే జట్లలో వచ్చినవే. మెట్స్ సీజన్‌ను కార్డుల్లో చూడాలనుకునేవాళ్లు ఆ కార్డులో కూస్మన్ వైపు చూడాలని నా అభిప్రాయం. 2021లో మెట్స్ అతని 36వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించింది. మార్కెట్ ధరలో మాత్రం అతను రయన్ పక్కనున్న మనిషే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఒక జట్టు సీజన్‌ను పోగుచేయాలంటే పెద్ద ధరలకు భయపడనక్కర్లేదు. వైస్, స్వొబోడా లాంటివాళ్ల కార్డులు మామూలు కార్డుల కిందే లెక్క, రయన్, సీవర్ కార్డుల ధరతో పోలిస్తే నామమాత్రం. కథలో వాళ్ల భాగం మాత్రం తక్కువేం కాదు.

1970 సెట్ వచ్చేసరికి కార్డులు ఆటను అందుకున్నాయి. 1వ నంబరు కార్డు మెట్స్ జట్టు ఫొటో, కింద ప్రపంచ విజేతలు అని. 305 నుంచి 310 దాకా వరల్డ్ సిరీస్ కార్డులు, మ్యాచ్‌కు ఒకటి చొప్పున, చివరిది సంబరాలది. 307లో ఏజీ క్యాచ్. క్లెండెనన్ కూడా ఎట్టకేలకు మెట్స్ పేరుతో కనిపించాడు. అప్పటికి మెట్స్ కొత్త సీజన్‌లోకి వెళ్లిపోయింది. ఆ ఏడాది వాళ్లు మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు.

టాప్స్ 1974 నుంచి విడతలు మానేసి మొత్తం సెట్ ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టింది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి, ఎనభైల చివరికి కార్డులు గుట్టలుగా అచ్చయి విలువ పడిపోయింది. 2016 నుంచి టాప్స్ నౌ అనే పద్ధతి ఉంది: నిన్నటి ఆటలో జరిగిన విశేషానికి ఇవాళ కార్డు, కొద్ది కాలమే అమ్మకం, ఎంతమంది అడిగితే అన్నే అచ్చు. స్వొబోడా రాత్రికి ఇప్పుడైతే తెల్లారేసరికి కార్డు ఉండేది. 2023 నుంచి కొత్త ఆటగాడి తొలి మ్యాచ్ జెర్సీ మీది చిన్న గుడ్డముక్కను తీసి ఒకే ఒక్క కార్డులో పెడుతున్నారు. పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్‌ది అలాంటి కార్డు లాస్ ఏంజెలెస్‌లో 11 ఏళ్ల పిల్లవాడికి పొట్లంలో దొరికి, 2025లో 11 లక్షల డాలర్లు దాటి పలికింది. ఆటకూ కార్డుకూ మధ్య దూరం ఇలా తగ్గిపోవడం మంచిదే. నాకు మాత్రం ఆ దూరం ఉన్న కాలపు కార్డులంటేనే మక్కువ, ఎందుకంటే అక్కడ నిరుటికీ ఇవాళ్టికీ మధ్య ఉన్న ఖాళీని నింపాల్సింది చూసేవాడే.

గిల్ హాడ్జస్‌కు 1968 సెప్టెంబరులో ఒకసారి గుండెపోటు వచ్చింది. కోలుకుని వచ్చి 1969 సీజన్ నడిపాడు. 1972 టాప్స్ సెట్‌లో కూడా మెట్స్ మేనేజర్‌గా ఆయన కార్డు ఉంది. ఆయన ఆ ఏడాది ఏప్రిల్ 2న ఫ్లోరిడాలో మళ్లీ గుండెపోటు వచ్చి చనిపోయాడు. సీజన్ ఇంకా మొదలుకాలేదు. ఆ ఏడాది జట్టును నడిపింది యోగి బెర్రా.